పిట్టల రాయి మీద చప్పట్లు

నా చిన్నప్పుడు పిట్టల రాయికి కాపలా కాసిన మొదటి మనిషిని నేనే. అప్పటికి ఈ వాలంటీర్లు లేరు, నీళ్ళలో తేలే ఈ నారింజ రంగు బోయాలు లేవు. చేతిలో కర్ర పట్టుకుని, నడినెత్తిన ఎండ కాస్తుంటే, ఒక వేసవంతా ఒక్క పడవని కూడా ఆ రాయి దరికి రానివ్వలేదు.

ఈ మాట నేను ఏటేటా చెబుతూనే ఉన్నాను. అండమాన్‌లో మాయాబందర్ దగ్గర సముద్రంలో బోర్లించిన మూకుడులా ఉండే రాయి అది. ఎండలు ముదిరే వేళకి దాని మీద తెల్లపిట్టలు గుడ్లు పెడతాయి. పుస్తకాల్లో వాటి పేరు టెర్న్. అవి రాకముందే మా కాలనీవాళ్ళూ, కాలేజీ పిల్లలూ డోంగీల్లో, అంటే చిన్న పడవల్లో, వెళ్ళి రాయికి చుట్టుకున్న తెగిన వలలూ, సీసాలూ ఏరుకొస్తారు. చుట్టూ తాడుతో బోయాలు కడతారు. పిట్టలు గుడ్ల మీద కూర్చున్నాక ఇక ఎవరూ ఆ తాడు దాటరు. దూరంగా డోంగీ ఆపుకుని, టూరిస్టు పడవలొస్తే బతిమాలో బెదిరించో వెనక్కి పంపడమే పని. నాకిప్పుడు మోకాళ్ళు సహకరించవు. ఒడ్డున కూర్చుని తాళ్ళకి ముడులేయడం, కబుర్లు చెప్పడం నా వంతు. "ఫిర్ క్యా హువా, దాదాజీ?" అని, తర్వాతేమైందో చెప్పమని పిల్లలు అడిగితే నాకు ఊపొస్తుంది. నిరుడు ఆ కథలోకి ఒక సొరచేపని కూడా తీసుకొచ్చాను.

ఈ ఏడు కథ అలా సాగలేదు. ఒక వాలంటీరు కుర్రాడు, మంచివాడే, ఫోటో కోసమని తాడు దాటి డోంగీని రాయి దాకా తోసుకెళ్ళాడు. పిట్టలన్నీ లేచిపోయాయి. తక్కినవాళ్ళు కేకలేసి వాణ్ణి వెనక్కి రప్పించారు. ఒడ్డుకొచ్చాక వాడితో ఎవరూ మాట్లాడలేదు. "నేనేం ముట్టుకోలేదు కదా భయ్యా" అని ఒకరిద్దరితో అన్నాడు. వాళ్ళు మొహం తిప్పుకునేసరికి టోపీ మొహం మీదికి లాక్కుని దూరంగా వెళ్ళి కూర్చున్నాడు. రేపట్నుంచి రానని పక్కవాడితో చెప్పాడట. ఆ 'ముట్టుకోలేదు' అన్న మాట విన్నాక నాకు కర్ర కథ చెప్పబుద్ధి కాలేదు. వాడి పక్కన చతికిలబడి ఉన్నదున్నట్టు చెప్పాను. మీకూ అదే చెబుతున్నాను.

కర్ర కాదు, తెడ్డు. సొరచేప అసలే లేదు.

మా తాతయ్య శ్రీకాకుళం వైపు సముద్రపొడ్డు నుంచి వచ్చి ఇక్కడ వేట మొదలుపెట్టిన మనిషి. వేటంటే చేపల వేట. నడిసముద్రంలో ఆయనకి కళ్ళు ఆ పిట్టలే. అవి ఎక్కడ గుంపుగా నీళ్ళలోకి దూకితే అక్కడ చేప, అక్కడే వల. అందుకే మావాళ్ళలో ఒక కట్టుబాటుండేది. పిట్టలు గుడ్ల మీద ఉన్నన్నాళ్ళూ ఎవరూ ఆ రాయి ఎక్కకూడదు. ఇంకో కట్టుబాటు కూడా ఉండేది. చేపల గుంపు కనబడిన నావ మిగతా నావల్ని కేకేసి పిలవాలి. కానీ రాయి ఎక్కిన నావకి ఆ సీజనంతా ఆ కేక ఉండదు. కొట్టడం, తిట్టడం, జరిమానా ఏమీ లేవు. పిలుపు ఉండదు, అంతే. పిలుపు లేని నావ ఎంత పెద్ద సముద్రంలోనైనా ఒంటరిదే.

ఆ రోజు తాతయ్య వల ప్రవాహానికి కొట్టుకుపోయి రాయికి ఇవతల పగడపు గుట్టల్లో చిక్కుకుంది. వదిలేస్తే వల దక్కదు. అందుకని దూరంగా నావ ఆపి, మమ్మల్ని అందులోనే ఉండమని, ఆయన నావకి అవతలి పక్క లోతులోకి మునిగాడు. మేమంటే నేనూ, మా పక్కింటి అక్కా. అక్క నాకంటే నాలుగైదేళ్ళు పెద్దది. నన్ను కనిపెట్టుకుని ఉంటుందనే తాతయ్య వెంటబెట్టుకొచ్చాడు. పాపం ఎండకి తట్టుకోలేక తుండుగుడ్డ మొహం మీద కప్పుకుని నిద్రపోయింది. ఆటుకి నీళ్ళు తీసి పగడపు గట్టు బయటపడింది. నేను మోకాలి లోతులో నడుచుకుంటూ వెళ్ళి రాయెక్కేశాను. పైన ఏముందో చూద్దామని, అంతకంటే ఏమీ లేదు. మంచీ చెడ్డా తెలీని వయసు. కట్టుబాట్ల సంగతి పెద్దవాళ్ళు నాకు ఎప్పుడు చెప్పారు గనక?

పిట్టలన్నీ ఒక్కసారిగా లేచాయి. ఎవరో తెల్ల దుప్పటి పట్టుకుని దులిపినట్టు ఆకాశమంతా రెక్కలే. నన్ను చూసే లేచాయనిపించింది. కాసేపటికి దిగబోతుంటే చప్పట్లు కొట్టాను. మళ్ళీ లేచాయి. దిగబోయాయి, కొట్టాను, లేచాయి. బళ్ళో చివరి బెంచీ పిల్లవాడికి అంత అధికారం ఇంకెక్కడ దొరుకుతుంది? గూడూ లేదు, గడ్డీ లేదు, వట్టి రాయి మీద మచ్చల గుడ్లు గులకరాళ్ళలా పడి ఉన్నాయి. ఒక్కదాన్నీ తొక్కకుండా ఆచితూచి అడుగులేశాను. ఆ జాగ్రత్త గురించి తర్వాత చాలా ఏళ్ళు గొప్పగా చెప్పుకున్నాను కూడా. రాయి వేడికి అరికాళ్ళు చుర్రుమంటుంటే ఒక కాలెత్తి ఒక కాలు దించుతూ మరీ చప్పట్లు కొట్టాను.

తాతయ్య వల భుజానేసుకుని తిరిగొచ్చి నన్ను చూశాడు. అరవలేదు. రమ్మని చెయ్యి ఊపాడు. నావలో కూర్చోగానే నేనే మొదలుపెట్టాను, ఒక్క గుడ్డూ తీయలేదు తాతా, ఒక్కటీ తొక్కలేదు అని. ఆయన తెడ్డు వేస్తూ, "కాళ్ళు కాలాయా?" అని మాత్రం అడిగాడు. కాలాయన్నాను.

ఆ సాయంత్రం రేవులో అందరి ముందూ నిలబడి, రాయెక్కింది మా నావే అని తాతయ్య తనంతట తనే చెప్పాడు. ఎవరూ చూడలేదు, నోరు మూసుకుంటే గడిచిపోయేది. ఎవరెక్కారని అడిగితే, నావ నాది అన్నాడు. నేను ఆయన వెనకాల లుంగీ అంచు పట్టుకుని నిలబడ్డాను. నేనే ఎక్కాను అంటే సరిపోయేది. ఆ అంచునే ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాను. ఆ సీజనంతా మాకు కేక రాలేదు. మిగతా నావలు ఒకదాన్నొకటి పిలుచుకుంటూ ఒక వైపు సాగిపోతుంటే మా తాతయ్య ఒక్కడే ఇంకో వైపు వెతుక్కునేవాడు. చాలాసార్లు తడి వలతోనే తిరిగొచ్చాడు. ఇంట్లో చింతపండు చారు ఎక్కువైంది. నీ వల్లే అని నన్ను ఎవరూ అనలేదు. అంటే బాగుండేది.

మర్నాటి నుంచి మధ్యాహ్నం పూట తాతయ్య నన్ను నావలో తీసుకెళ్ళి రాయికి దూరంగా ఆపేవాడు. తెడ్డు నా చేతికిచ్చి, నావ అటు కొట్టుకుపోకుండా చూసుకో అనేవాడు. అదీ నా కాపలా. ఏ పడవా దరికి రాలేదన్న మాట మాత్రం అబద్ధం కాదు. రావాలని ఎవరికీ లేదు. ఆ రాయెక్కింది మా నావొక్కటే.

అక్కడ కూర్చునే చూశాను. పిట్ట రాయి మీంచి ఎగిరొచ్చి, నీళ్ళలో పొట్ట ముంచుకుని, ఆ తడితో వెనక్కి వెళ్ళి గుడ్డు మీద కూర్చుంటుంది. పొదగడమంటే వెచ్చబెట్టడమే అనుకునేవాణ్ణి. అవి గుడ్లకి నీడ పడుతున్నాయి. నా అరికాళ్ళు నిలవలేకపోయిన రాయి మీదే ఆ గుడ్లున్నాయి. కొన్నాళ్ళకి అక్కడక్కడా బూడిదరంగు పిల్లలు మెదిలాయి. చాలాచోట్ల ఏమీ మెదల్లేదు. మెల్లమెల్లగా పెద్ద పిట్టలు ఆ గుడ్లు వదిలేసి వెళ్ళిపోయాయి. మా వైపు అంచున ఒక పిట్ట మాత్రం, పక్కవాటి పిల్లలు నోళ్ళు తెరిచి అరుస్తున్నా, తన గుడ్డుకి ఇంకా తడి తెస్తూనే ఉంది. ఆ గుడ్డు పోయింది కదా తాతా, ఇంకా ఎందుకు తెస్తోంది అని అడిగాను.

"దానికి తెలీదు. నువ్వెళ్ళి చెప్తావేటి?" అన్నాడు.

ఆయన బతికున్నన్నాళ్ళూ నన్నన్న కటువైన మాట అదొక్కటే. అప్పట్నుంచి నేను చప్పట్లు కొట్టను. మా మనవరాలికి బళ్ళో బహుమతి ఇచ్చినప్పుడు కూడా చేతులు ఒళ్ళో పెట్టుకునే కూర్చున్నాను. ముసలాడికి ఎంత పొగరో అనుకున్నారు. అరచేతులు రెండూ దగ్గరికొస్తే పొట్ట తడుపుకొచ్చే ఆ పిట్టే కనబడుతుంది నాకు.

ఇదంతా చెప్పి కుర్రాడి భుజం తట్టాను. చూడు బాబూ, నీకూ తెలీదు, అప్పుడు నాకూ తెలీదు, తెలీక చేసినదానికి మొహం దాచుకుని పారిపోకు, రేపు రా అన్నాను. వాడు టోపీ కొంచెం పైకెత్తాడు. నాకూ గుండె తేలికపడింది. సొరచేపనీ కర్రనీ వదులుకుని ఇంత నిజం చెప్పాక ఇంకేం మిగిలిందిలే అనుకున్నాను.

పక్కింటి అక్క ఇప్పటికీ మా పక్కింట్లోనే ఉంటోంది. పిట్టల రోజుల్లో ఫ్లాస్కుతో టీ తెచ్చి అందరికీ పోస్తుంది. నా సొరచేపని కూడా నవ్వి ఊరుకున్న మనిషి. కుర్రాడికి గ్లాసందించి, నాది మాత్రం ఇవ్వకుండా చేతిలోనే పట్టుకుని నా ఎదురుగా నిలబడింది.

"ఆడిని నీతో కలపకు. ఆడికి తెలీదు, నీకు తెలుసు. నేనేటీ నిద్రపోలేదు. దిగిపోరా, గుడ్లు ఉడికిపోతాయని నావలోంచి గొంతు పోయేలా అరిచాను. నువ్వు నాకేసి చూసి, నవ్వి, మళ్ళీ చప్పట్లు కొట్టావు."