నిలబడ్డవాడి కోసం కొన్న పెట్టె

జూబ్లీ హిల్స్‌లో జీపు దిగేసరికి వాన పట్టుకుంది. జులై నెల, మధ్యాహ్నం. ఇరవై ఏళ్ల ఫౌజు సర్వీసులో మంచు చూశాను, ఇసుక చూశాను. డ్యూటీ మీద సొంత ఊరికి రావడం మాత్రం అదే మొదటిసారి. ఆ కొండ దిగితే షేక్‌పేట, మా ఇల్లు. ఆర్డరు స్పష్టంగా ఉంది: మా కోసం చేస్తున్న కొత్త పెట్టెకు ట్రయల్ అయ్యేదాకా దాన్ని వదిలి కదలొద్దు, ఇంటికి కూడా పోవద్దు. ఫోన్ చేసి చెబితే మా ఆవిడ "గింత దూరమొచ్చి ఇంటికి రావా?" అంది.

ఫిల్మ్‌నగర్ వైపు దిగే వాలులో ఒక అద్దె బంగళా. కింది అంతస్తులో ల్యాబు. పెట్టె సూట్‌కేసంత ఉంటుంది, బాగా బరువు. గోడకు ఆనిస్తే, అవతలున్న మనిషి ఛాతీ కదలికను పట్టి తెర మీద ఆకుపచ్చ గీతగా చూపిస్తుంది. మిలిటెంట్లు దాక్కున్న ఇంట్లోకి దూరేముందు మాకు కావలసింది అదే.

దాన్ని తయారుచేసిన ఇంజినీరు మేడమ్‌ది తెనాలి వైపు. ఒకరోజు టీ తాగుతూ చెప్పారు.

"కూలిన బిల్డింగుల కింద మనుషుల్ని వెతకడానికి మొదలుపెట్టానండీ ఇది. నాలుగేళ్లు ఆఫీసుల చుట్టూ తిరిగాను. మంచి ఆలోచన అన్నారు, టీ ఇచ్చారు, పంపేశారు. మీవాళ్లు ఒక్క మీటింగులో నిధులిచ్చారు."

"మరి మంచిదే గద మేడమ్?"

"మంచిదే. షరతు కూడా పెట్టారుగా."

ఆ షరతు నాకు తెలుసు. మొదటి ట్రయల్లో పెట్టె పడుకున్న మేకను కూడా మనిషే అంది. తప్పుడు గీతను నమ్మి తలుపు పగలగొడితే చచ్చేది మా జవాను. అందుకే నిలబడి కదిలే మనిషిని తప్ప ఇంకేదీ చూపించొద్దని ఫౌజు పట్టుబట్టింది. అందులో తప్పు లేదని ఇప్పటికీ అంటాను. కదలకుండా పడున్నవాడి ఊపిరిని ఆవిడ లెక్కలోంచి తీసేశారు.

రేపు ట్రయల్ అనగా పక్కింటి డ్రైవర్ పరుగెత్తుకొచ్చాడు. ఒళ్లంతా బురద.

"సార్, మూలమీది సెల్లార్ గుంత కూలింది. మట్టి కింద మనిషుండు. ఏడున్నడో ఎరుకైతలేదు. మీ తాన ఏదో మిషిన్ ఉందంటగ?"

మేడమ్ నా ముఖంలోకి చూశారు. పెట్టె మీద సీలు నాది. మేజర్ సాబ్‌కు ఫోన్ కొట్టాను.

"సీలు తీస్తే నీ మీద విచారణ వస్తుంది. పెన్షన్ పోవచ్చు. తెలుసుగా?"

"తెలుసు సాబ్. మట్టి కింద మనిషున్నాడు సాబ్."

"హవల్దార్, నీ లైను కట్ అవుతోంది. ఏమీ వినబడటం లేదు" అని పెట్టేశారు. లైను శుభ్రంగానే ఉంది. ఆ పెద్దమనిషికి అక్కణ్ణుంచే సెల్యూట్ కొట్టి సీలు తెంపాను.

లోతైన గుంత. ఒక పక్క గోడంతా జారిపోయింది. వాన ఆగలేదు. ఫైర్ సిబ్బంది గడ్డపారలు పట్టుకుని నిలబడ్డారు. ఎక్కడ పడితే అక్కడ తవ్వితే పైనున్న మట్టి కూడా దిగుతుంది. చోటు తెలియాలి. కిందున్నవాడు పాలమూరు నుంచి వచ్చిన కూలీ. అతని భార్య కూడా అక్కడే పని చేస్తోంది, గట్టు మీద నిలబడి ఉంది.

పెట్టెను మట్టికి ఆనించాం. తెర మీద ఏమీ లేదు. చోటు మార్చాం. ఏమీ లేదు.

"పానం పోయిందేమో మేడమ్" అన్నాను.

"ఉన్నా చూపించదండీ. అతను పడిపోయి ఉన్నాడు కదా" అన్నారు ఆవిడ.

గొడుగు కింద ల్యాప్‌టాప్ తెరిచి పాత సెట్టింగు ఎక్కించడం మొదలుపెట్టారు. నేను వాచీ చూసుకోలేదు. చూస్తే భయం ఇంకా పెరిగేది.

"ఎక్కింది. ఇక ఇది అందరి ఊపిరీ పట్టేస్తుంది హవల్దార్ గారూ. ఎవరూ కదలకూడదు. ముందు ఆ జనరేటర్ ఆపించండి."

పక్క బంగళాలో షూటింగ్. జనరేటర్ వ్యానుకు నేల అదురుతోంది. డ్రైవర్ అటు ఉరికాడు. "అన్నా, జర బంద్ చెయ్యి. షాట్ మల్ల తీస్కుందురు. గీడ మనిషి పోతుండు" అనడం వినబడింది. జనరేటర్ ఆగింది. రోడ్డు మీద కార్లు కూడా ఒక్కొక్కటే ఇంజిన్లు ఆపేశాయి.

పరేడ్ గొంతుతో అరిచాను. "అందరూ ఎనకకు జరగుండ్రి. నేను చెప్పేదాంక ఊపిరి బిగబట్టుండ్రి."

మొదటి చోట లేదు. రెండో చోట లేదు. గుంత మూలకు జరిపాక గీత లేచింది. పడింది. కొన్ని క్షణాలకు మళ్లీ లేచింది.

అక్కడే తవ్వారు. సెంట్రింగ్ రేకు అడ్డం పడి దాని కింద కాస్త గాలి మిగిలింది. ముందు చెయ్యి కనిపించింది, తర్వాత ముఖం. బతికే ఉన్నాడు. నేను ఏడ్చాను. సిగ్గేం లేదు.

ఫైర్ ఆఫీసర్ బురద చేతులతో పెట్టెను తడిమాడు. "ఇది మాకెప్పుడిస్తరు మేడమ్?"

"ఎవరైనా డబ్బిస్తే చేస్తానండీ" అన్నారు ఆవిడ. ఆయన తలూపి గడ్డపారలు బండెక్కించాడు.

మర్నాడు మా సెట్టింగు మళ్లీ ఎక్కించారు. నేను కొత్త సీలు వేశాను. సీలు తెగిన సంగతి మేజర్ సాబ్ ఎవరికీ చెప్పలేదు, ట్రయల్ పాసైంది. పెట్టెతోపాటు యూనిట్‌కు తిరిగి వెళ్లాను. ఒక సరిహద్దు పల్లెలో అది మావాళ్లిద్దరి ప్రాణం కాపాడింది. ఫౌజు దానికిచ్చిన డబ్బు దండగ అని నా ముందు ఎవరూ అనకండి. రిటైరై ఇంటికొచ్చాక ఆ ఫైర్ స్టేషన్‌కు వెళ్లి చూశాను. అక్కడ ఇప్పటికీ గడ్డపారలే. దేశం డబ్బు ఫౌజుకా జనానికా అని టీవీలో అరుచుకుంటుంటే ఛానెల్ మార్చేస్తాను.

నా కళ్లముందు నుంచి పోనిది ఒక్కటే. గీత దొరికాక "ఇగ ఊపిరి తీస్కోండ్రి" అని నేను అరిస్తే జనమంతా ఒక్కసారి ఊపిరి వదిలారు. అతని భార్య వదల్లేదు. మట్టి చేతులతో ముక్కూ నోరూ గట్టిగా మూసుకునే ఉంది. తను ఊపిరి తీసుకుంటే ఆ గీత ఆగిపోతుందనుకుందేమో. మేడమ్ వెళ్లి ఆ చేతులు విడదీయాల్సి వచ్చింది.