పదకొండు గడియారాల అంకుల్

మా వీధి చివరింటి అంకుల్ పోయిన బుధవారం నిద్రలోనే వెళ్లిపోయారు. ఆంటీ ఫోన్ చేసి ఆ కబురు చెప్పేసరికి నేను ఆఫీసు పార్కింగ్‌లో ఉన్నాను. చాలాసేపు కారు దిగలేకపోయాను. ఈ ఉద్యోగం, అరిజోనాలోని ఈ చాండ్లర్ ఊళ్లో నా బతుకు నిలబడటానికి ఆయన చేసిన సాయం గురించి ఆయనకి ఒక్కసారి కూడా సరిగ్గా చెప్పలేదు. అందుకే మీకు చెబుతున్నాను.

ఆయనది వరంగల్. వయసులో ఉన్నప్పుడు బెంగళూరులో గడియారాల ఫ్యాక్టరీలో పని నేర్చుకున్నారు. తర్వాత ఇక్కడికొచ్చి కంప్యూటర్ చిప్పుల కంపెనీలో పనిచేసి రిటైరయ్యారు. వెనక బెడ్‌రూములో కిటికీ పక్కన బల్ల వేసుకుని తెలిసినవాళ్లందరి వాచీలూ బాగుచేసేవారు. విప్పిన మరలన్నీ పెరుగు డబ్బా మూతల్లో ఉండేవి. వాచీ తెరిచి ఉన్నంతసేపు ఆ గదిలో ఎవరూ మాట్లాడకూడదు. తుమ్మొస్తే బయటికి పరుగెత్తాల్సిందే.

ఆయన చేతి గడియారం మాత్రం ఎప్పుడూ అరగంట ముందుండేది. "ముందు మీ వాచీ బాగుచేసుకోండి అంకుల్" అని పార్టీల్లో అందరం ఆటపట్టించేవాళ్లం. అది ఇండియా టైమని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఇండియాకీ అరిజోనాకీ తేడా పన్నెండున్నర గంటలు కదా, ముళ్లు చూసి అరగంట తీసేస్తే ఇక్కడి టైమ్. వరంగల్‌లో ఉన్న అక్క పడుకునేలోపు ఫోన్ చేయాలని ఆ ఏర్పాటు.

రెండేళ్ల కిందట మా టీమ్ పనంతా హైదరాబాద్‌కి మార్చి నన్ను తీసేశారు. హెచ్‌వన్ వీసా మీద ఉన్నదాన్ని. అరవై రోజుల్లో ఇంకో ఉద్యోగం దొరక్కపోతే దేశం వదలాలి. ఎవరికీ చెప్పలేదు. రోజూ ల్యాప్‌టాప్ బ్యాగు తగిలించుకుని బయల్దేరి లైబ్రరీ పార్కింగ్‌లో కూర్చునేదాన్ని. ప్రమోషన్ వచ్చినప్పుడు మురిసిపోతూ కొనుక్కున్న స్విస్ వాచీని చూస్తేనే సిగ్గేసి సొరుగులో పడేశాను. నెల తర్వాత అమ్మేద్దామని తీస్తే ఆగిపోయి ఉంది. చెడిపోయిందనుకుని అంకుల్ దగ్గరికి తీసుకెళ్లాను.

ఆయన దాన్ని రెండుసార్లు ఊపి చెవి దగ్గర పెట్టుకున్నారు. నడుస్తోంది.

"ఎన్ని రోజులాయె పెట్టుకోక?"

"నెలైంది అంకుల్."

"దీనికేం కాలే బిడ్డా. ఇది చేతికుంటేనే నడుస్తది. నీకేమైందో చెప్పు."

ఏడ్చేశాను. అంతా చెప్పేశాను. ఆయన ఓదార్చలేదు. వాచీ మీది కంపెనీ పేరు చూపించి, "ఈ కంపెనీ పెట్టినాయన ఎవరో ఎరుకేనా? స్విస్సాయన కాదు. బోస్టన్ నుంచి పోయిండు" అన్నారు.

నేను నమ్మలేదు. ఆయన చెప్పుకుపోయారు. పందొమ్మిదో శతాబ్దం మాట. అమెరికాలో జీతాలెక్కువ, స్విస్ పనివాళ్లు చవకగా దొరుకుతారు, అక్కడ చేయించి ఇక్కడ అమ్ముదామని ఆ బోస్టన్ మనిషి బయల్దేరాడట. జెనీవా వైపు ఇళ్లలో కూర్చుని పనిచేసుకునేవాళ్లు ఫ్యాక్టరీ మాట వినగానే అనుమానంగా చూశారట. చివరికి రైన్ నది ఒడ్డున ఒక ఊళ్లో, ఆ నీటి బలంతో మిషన్లు తిప్పాడట.

"అంటే మా పని హైదరాబాద్‌కి పంపినట్టే, ఆఫ్‌షోరింగే కదా అంకుల్!" అన్నాను. నెలరోజుల్లో నేను నవ్వడం అదే మొదలు.

"మరేమనుకున్నవ్? కొన్నేండ్లకే దివాలా తీసింది. కంపెనీ వేరేటోళ్ల చేతికి పోయింది, ఈయన వాపస్ అమెరికాకొచ్చిండు."

"తర్వాత?"

"తర్వాతేముంది, చానా ఏండ్లు బతికిండు. కంపెనీ పోతే మనిషి పోతడా? రేపటి సంది పొద్దున ఏడింటికి రా. నా కాడ పదకొండు పాత గడియారాలున్నయ్, దినాం కీ ఇయ్యాలె. నా చెయ్యి వణుకుతాంది."

మర్నాటి నుంచి వెళ్లాను. "బిగుసుకున్నదంటే ఆపాలె, బలవంతం జేయొద్దు" అనేవారు పక్కన నిలబడి. నేను తిప్పుతుంటే ఆయన పైకి లెక్కపెట్టేవారు. కీ ఇవ్వడమయ్యాక ఆంటీ ఉప్మా పెట్టేవారు. ఆ డైనింగ్ టేబుల్ మీదే అప్లికేషన్లు పంపేదాన్ని, ఇంటర్వ్యూలు ఇచ్చేదాన్ని. ఏడింటికి ఎవరో నాకోసం చూస్తుంటారన్న ఒక్క ఆలోచన నన్ను మంచం మీద నుంచి లేపేది. యాభై ఆరో రోజున ఆఫర్ వచ్చింది. ఆయన సంతోషంతో నోరంతా తెరిచి నవ్వి, "అయితే రేపటి సంది నువ్వు రాకు, ఆఫీస్‌కి లేటైతది" అన్నారు.

అంత్యక్రియలైన మర్నాడు ఆంటీని చూడ్డానికి వెళ్లాను. ఆ గదిలో గడియారాలన్నీ ఆగిపోయి ఉన్నాయి. "చెయ్యి వణుకుతున్నా అంకులే కీ ఇచ్చుకునేవారా ఆంటీ, నేను మానేశాక?" అనడిగాను.

ఆంటీ నా వైపు వింతగా చూశారు. "ఆయన చెయ్యి ఎన్నడు వణికింది బిడ్డా? మొన్నటిదాంక నా సూదిల దారం ఆయనే ఎక్కించిండు."

బల్ల ముందు కూర్చున్నాను. మొదటి గడియారం తీసుకుని, ఆయనలాగే పైకి లెక్కపెడుతూ తిప్పడం మొదలుపెట్టాను. ఒకటి, రెండు, మూడు. బిగుసుకోగానే ఆపి, రెండోది అందుకున్నాను.