పన్నెండో అట్ట

మా కడవు దీవిలో ముప్పై ఏళ్లు నర్సుగా పనిచేసిన లవేనియా రిటైరయ్యాక కూడా ఊరికే కూర్చోలేదు. ఊళ్లో విన్నదేదైనా బిస్కెట్ పెట్టె అట్టముక్క మీద రాసి ముందుగది గోడకు గుచ్చేది. రెండింటికి సంబంధం కనబడితే మధ్యన చేపల గాలానికి వాడే నైలాన్ దారం కట్టేది. పొరపాటనిపిస్తే విప్పి మరోచోట కట్టేది.

“సాలెపురుగు నయం. ఈగనైనా పడుతుంది,” అనేవాణ్ణి. ఆమె మేనత్త కొడుకుని నేను. మా మధ్య ఆ మాత్రం చెల్లుతుంది.

“నోరు మూసుకుని దారం పట్టుకో, బావా.”

ఆ ఏడు తుఫాను తర్వాత పదకొండు మంది చేప తిని జబ్బుపడ్డారు. పెదవులు తిమ్మిరెక్కేవి. చన్నీళ్లు తగిలితే నిప్పులా కాలేది. పగడపు దిబ్బలు దెబ్బతిన్న చోట చేపల్లో చేరే ఆ విషానికి వాసన ఉండదు, వండినా పోదు. శనివారం చర్చి విందు. రెండు వందల మందికి చేపలు తెచ్చే వంతు లవేనియా తమ్ముడు ఆపొరోసాది.

ఆమె జబ్బుపడ్డవాళ్ల పేర్లున్న అట్టల నుంచి దారాలను మొదట చేపల పేర్లకు కట్టింది. ఏమీ తేలలేదు. గాలివాటానికి మార్చింది. అదీ తేలలేదు. బుధవారం పొద్దున పడవలకు కట్టింది. చివరి ముడి నేనే వేసి వెనక్కి జరిగాను. పదకొండు దారాలూ ఎండలో మెరుస్తూ ఒకే అట్టకు చేరాయి. ఆపొరోసా పడవ. నాకు ఎగతాళి చెయ్యబుద్ధి కాలేదు. ఊళ్లో ఏ ఒక్కరికీ తెలియని సంగతి ఆ గోడకు తెలుసు.

“తప్పు పడవది కాదు, చోటుది,” అంటూ ఆ పక్కనే ఒక ఖాళీ అట్ట గుచ్చింది. “చేపలు ఎక్కడ పడుతున్నాడు?”

“ఉత్తరపు దిబ్బ దగ్గరంటాడు.”

“నువ్వూ అక్కడే పడతావుగా. నీకేం కాలేదే?”

“పెళ్లానికే చెప్పనివాడు నాకు చెబుతాడా? నువ్వే అడుగు,” అని నాలుక కరుచుకున్నాను. పెద్దయిన అక్కాతమ్ముళ్లు మాలో ముఖాముఖి మాట్లాడుకోరు. వాళ్లు మాట్లాడుకుని నలభై ఏళ్లయింది.

“ఏమీ అడక్కు. వాణ్ణి పిలిచి గోడ చూపించు చాలు.”

గురువారం ఆపొరోసా గుమ్మంలోకి రాగానే లవేనియా పెరటి తలుపు గుండా వెళ్లిపోయింది. అతను ఒక్కో దారం వెంట వేలు పోనిచ్చాడు. ఒకచోట ఆగాడు.

“మా ఆవిడ పేరు కూడా నా దగ్గరికే వచ్చింది, బావా.”

“దారం వచ్చిందయ్యా. నేను తేలేదు.”

పెన్సిల్ అందుకున్నాడు. ఖాళీ అట్ట మీద రాశాడు: తూర్పు గండి, తుఫానుకి పగడం విరిగిన చోటు. అంతటితో వెళ్లలేదు. ఇంకో ముక్క చింపి, తన పేరు రాసి జబ్బుపడ్డవాళ్ల వరసలో గుచ్చాడు. దాన్నుంచి గండి దాకా దారం తనే కట్టాడు.

“నీకూనా? ఎప్పుడు?”

“ఇప్పుడు తగ్గిందిలే.”

శుక్రవారం అతను పడవ తీయలేదు. విందుకు పందిమాంసం, చేమదుంపలు వండారు.

అయితే గురువారం అతను వెళ్లగానే లవేనియా లోపలికి వచ్చింది. గండి పేరున్న అట్టను ఒక్కసారి చదివి, పన్నెండో అట్ట ముందు నిలబడిపోయింది. అక్షరాల మీద బొటనవేలు మెల్లగా పోనిచ్చింది.

“నేను నేర్పిన రాతే,” అంది. “ఇంకా వంకరగానే రాస్తున్నాడు.”