పానా లేని చోటు

మా కొట్టు పక్క షెడ్డు బాబాయి మొన్న గురువారం నందిగామ ఆసుపత్రిలో పోయారు. ఆయన్ను జగ్గయ్యపేట తీసుకొచ్చేసరికి షెడ్డు ముందు మూడు ఆయిల్ ఇంజన్లు విప్పి ఉన్నాయి. వాటి తాలూకు రైతులు దండలు తెచ్చారు. ఒకాయన మాత్రం, "ఇయ్యి ఇప్పుడెవరు బిగిస్తారయ్యా?" అని నన్ను అడిగాడు.

నేను బడికి వెళ్ళినవాణ్ణి కాను. చదవడం, రాయడం కొట్లో కూర్చునే నేర్చుకున్నాను. రోజూ జరిగింది నాలుగు వరుసలు రాసుకోవడమే తప్ప, నలుగురూ చదవడానికి ఎప్పుడూ రాయలేదు. ఇది రాయమన్నది బాబాయే.

ఆయన నౌకాదళంలో విమానాల మెకానిక్కు. పంతొమ్మిది వందల డెబ్బైల మధ్యలో కొలువు మానుకుని వచ్చి, మా స్పేర్ పార్టుల కొట్టు పక్కన షెడ్డు వేశారు. గోడకు ఒక చెక్క బిగించి, దాని మీద ప్రతి పనిముట్టు ఆకారాన్నీ ఎర్ర రంగుతో గీసి, దేన్ని దాని చోట్లోనే తగిలించేవారు. ఒక్క చూపులో ఏది తిరిగి రాలేదో తెలిసిపోయేది. అందులో ఒక పానా చోటు మాత్రం ఎప్పుడూ ఖాళీ. కొత్తది ఇస్తానంటే, "వద్దులేరా, అది అట్టాగే ఉండాలి" అనేవారు. దసరాకు పనిముట్లన్నిటికీ బొట్లు పెట్టి, ఆ ఖాళీలోనూ ఒకటి పెట్టేవారు. "లేనిదానికి బొట్టేంటండీ, నవ్వుతారు!" అని పిన్ని విసుక్కునేది.

ఒక ఎండాకాలం చిల్లకల్లులో ఒక రైతు ఇంజన్ బాగుచెయ్యడానికి సామాను తీసుకుని నేనూ వెంట వెళ్ళాను. అంతా బిగించాక పనిముట్లు లెక్కపెడితే ఒక పానా తక్కువ వచ్చింది. రైతు ఇంజన్ తిప్పడానికి హ్యాండిల్ పట్టుకోబోయాడు.

"చెయ్యి తియ్యి. తిప్పమాక."

"పానా పోతే కొత్తది కొనిస్తాలే మేస్త్రీ! అవతల మిరప తోట వాడిపోతంది."

"కొత్తది నాకెందుకయ్యా? పాతది ఎక్కడుందో తెలియాల."

"ఇదేమన్నా ఇమానమా, పైనుంచి పడ్డానికి?"

బాబాయి ఇంజన్ మళ్ళీ మొత్తం విప్పారు. లోపల ఏమీ లేదు. చివరికి పానా ఆ రైతు ఎడ్లబండిలోనే దొరికింది. బండికి వదులైన బోల్టు ఒకటి బిగించుకుని అక్కడే వదిలేశాడట. నాలుక కరుచుకున్నాడు. బాబాయి ఆ పానా పట్టుకుని బండి పక్కనే కూర్చుండిపోయారు. ఆ ఇంజన్ నేనే బిగించాను.

బస్సు కోసం రోడ్డు మీద నిలబడ్డప్పుడు చెప్పారు.

"మా దగ్గర పని అయ్యాక పనిముట్లు లెక్కపెట్టి సంతకం చేస్తేనే విమానం లేచేది. ఆ రోజు తొందర. పక్కవాడు సరిపోయినయ్యంటే నేను చూడకుండా సంతకం పెట్టా. ముగ్గురు ఎక్కారు. సముద్రం మీదికెళ్ళింది, మళ్ళీ రాలా. సాయంత్రం చూస్తే ఒక పానా లేదు."

"దానివల్లే పడిందంటారా?"

"తెలియదురా. విమానం దొరకలా, మనుషులూ దొరకలా. నేను బజార్లో అట్టాంటిదే కొనుక్కొచ్చి తగిలించా. విచారణలో అన్నీ ఉన్నాయని చెప్పా. కారణం తెలియలేదని రాసుకున్నారు."

బస్సు వచ్చింది. ఆయన ఎక్కలేదు.

"ఓడ మీద దిగుతా పడ్డ విమానాలు, మబ్బులో కొండకి తగిలినయ్యి, ఎన్నో చూశా. యుద్ధంలో పోయినోళ్ళకంటే మామూలు రోజుల్లో పోయినోళ్ళే నాకు ఎక్కువమంది తెలుసు. ప్రతిదానికీ కారణం వెతికి మా అందరికీ చదివి వినిపించేవాళ్ళు, ఇంకోటి పడకుండా. ఆ ఒక్కదానికి చదవడానికేమీ లేకుండా చేసింది నేను."

"ఇప్పుడైనా ఉత్తరం రాయొచ్చుగా బాబాయ్?"

"మూడుసార్లు రాసి చింపేశా. భయంరా. నువ్వు రోజూ రాస్తావుగా, నేను పోయాక రాసెయ్. ఆ ముగ్గురి ఇళ్ళల్లో ఎవరన్నా చదివితే చదువుతారు. నన్ను మంచోడని మాత్రం రాయమాక."

అలాగే రాశాను. ఆ ఇళ్ళు ఎక్కడున్నాయో నాకు తెలియదు. ఒక్కటి మాత్రం చెప్పాలి. ఈ ఊరొచ్చాక చుట్టుపక్కల ఆయన బిగించిన ఏ ఇంజన్లోనూ ఒక్క నట్టు కూడా మరిచిపోయి లోపల వదలలేదు. ఇది రాయొద్దని ఆయన అనలేదు.

నిన్న పిన్ని తాళం చెవి ఇస్తే షెడ్డు తీశాను. పానాలన్నీ వాటి వాటి చోట్లలో ఉన్నాయి. వాటి బొట్లు నూనె చేతుల్లో పడి ఎప్పుడో చెరిగిపోయాయి. ఎవరూ ముట్టని ఆ ఖాళీలో మాత్రం పోయిన దసరా కుంకుమ ఇంకా ఎర్రగానే ఉంది.