మామ అడిగిన పిడికెడు మన్ను

మా కండక్టరు మామ పోయిన సంగతి ఆదివారం పొద్దున తెలిసింది. గురువారాల్లో నా పక్కన కూర్చునే టైలరు ఫోన్ చేశాడు. "మామ పోయినాడప్పా. గుండె. నువ్వు బిన్నా రా, మనకు పనుంది" అన్నాడు. ఏం పనో ఇద్దరికీ తెలుసు.

ఆయన నాకు చుట్టం కాడు. ప్రొద్దుటూరు, పులివెందుల బస్సుల్లో టికెట్లు కొట్టి రిటైరైన మనిషి. తాగుడు మానాలనుకునేవాళ్లు వారానికొకసారి కూర్చుని మాట్లాడుకునే చోటు ఒకటి జమ్మలమడుగు చర్చిలో ఉంది. దాన్ని ఆయనే నడిపాడు.

ఐదేళ్ల కిందట డాక్టరు ఆ చోటు పేరు చీటీ మీద రాసిచ్చాడు. నేను ప్రొద్దుటూరులో నూనె మిల్లులో లెక్కలు రాస్తాను. పక్క ఊరైతే తెలిసినవాళ్లు చూడరని ధైర్యం చేశాను. అయినా మూడు గురువారాలు చర్చి గేటు దాకా పోయి, ఎదురు అంగట్లో టీ తాగి, తిరుగు బస్సెక్కాను. నాలుగో వారం తెల్ల మీసాల పెద్దాయన బయటికొచ్చాడు.

"మూడు వారాలుగా మా గేటుకు కాపలా కాస్తాండావు. లోపల ఎత్తుకపోయేదానికి ఏమీ ల్యాదు గానీ, రాప్పా."

లోపల ఆదివారం పిల్లలకు పాఠాలు చెప్పే గది. గోడకు అక్షరాల పటం. పొట్టి బెంచీల మీద, మోకాళ్లు గడ్డానికి తగిలేలా ఎనిమిది మంది మగవాళ్లు. నా వంతు వచ్చినప్పుడు నేను తాగుబోతును కానని చెప్పాను. మూడేళ్లుగా అయ్యప్ప మాల వేసుకున్న నలభై ఒక్క రోజులూ చుక్క ముట్టలేదన్నాను.

"శానా మంచిది" అన్నాడు మామ. "నలభై రెండో రోజు స్వామి యాడికి పోయినాడప్పా?"

అందరూ నవ్వారు. నా ముఖం చూసి ఆయన మళ్లీ అందుకున్నాడు. "మావోళ్లూ అంతేలే. శ్రమల కాలం నలభై దినాలు యేసుప్రభువు కోసం ముట్టరు. ఈస్టరు నాడు మధ్యాన్నానికి ఎత్తి మంచంలో ఎయ్యాల."

ఆ మాటకు నాకూ నవ్వొచ్చింది. ఆ ఊపులో, ఇక తాగనని నా కూతురి మీద ఒట్టు వేయబోయాను. ఆయన నా చెయ్యి పట్టుకుని కిందికి దించాడు. "నీ తాగుడుకు పాపను పూచీ పెడతావా? ఈ పొద్దు తాగొద్దు. రేపటి సంగతి రేపు అడుగుతా."

నిజంగానే అడిగేవాడు. మధ్యలో రెండుసార్లు జారాను. రెండుసార్లూ బస్సెక్కి మిల్లు దగ్గరికి వచ్చాడు. ఎందుకు తాగావని అడగలేదు. "గురువారం ఏ వారం వస్తాదో గుర్తుండాదా?" అన్నాడు. "గురువారం గురువారమే కదా మామా" అంటే, "తెలివుండాది. బతుకుతావులే" అని టీ తాగి వెళ్లిపోయాడు.

తన సంగతి మాత్రం ఒక్కసారే చెప్పాడు. మా వైపు సమాధి గుంత తీసేవాళ్లకు ముందుగా మందు పోయడం ఆనవాయితీ. వాళ్లతోపాటు చుట్టాలూ తాగుతారు.

"నా పెండ్లాన్ని పూడ్చిన పొద్దు నేనూ తాగినా. పిడికెడు మన్ను ఏసినానో ల్యాదో ఇప్పటికీ గుర్తుకు రాల్యా. ఎవురినీ అడగల్యాక పోయినా." తర్వాత మా అందరి వైపు తిరిగాడు. "నా గుంత మీరే తియ్యండి. ఆడ ఎవురూ తాగొద్దు. ఒంటిమీద తెలివితో మన్నెయ్యండి."

ఆ ఆదివారం మేం సమాధుల తోటకు చేరేసరికి ఆయన అన్న కొడుకు సంచిలో సీసాలు తెచ్చి పెట్టాడు. గుంత తీసేవాళ్లు ఇద్దరు కాచుకుని ఉన్నారు.

నలుగురిలో మాట్లాడే అలవాటు నాకు లేదు. "గుంత మేం తీస్తాం" అన్నాను.

"మీరా? తాగుబోతుల సంఘమా?" అన్నాడు ఆ అన్న కొడుకు.

"మానినోళ్ల సంఘం" అన్నాడు టైలరు.

"చుక్క ల్యాకుండా గుంత తీసేటోళ్లను ఇదే చూడ్డం" అని అతను ఒక సీసా మూత తిప్పాడు. ఆ వాసనకు నా నోట్లో నీళ్లూరాయి. పక్కన నిలబడిన మా వాళ్లెవరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. గడ్డపార అందుకుని మొదటి పోటు వేశాను. కాసేపటికి అతను సీసాకు మూత బిగించి సంచి పక్కకు తీశాడు.

పైన ఎండిన నల్లరేగడి, కింద తడిమట్టి. భుజాల లోతు వచ్చాక పొడుగు సరిపోతుందా అని అనుమానం వచ్చింది.

"నీ టేపు యాడ?" అని టైలరును అడిగారు.

"ఆదివారం టేపు ఎవురు తెస్తారు? మామా ఈయప్పా ఇద్దరూ ఒకటే పొడుగు. పండుకోప్పా, చూస్తాం."

పడుకున్నాను. వీపుకు చల్లగా తగిలింది. పైన బెత్తెడు ఆకాశం. వాళ్ల మాటలు ఎక్కడో దూరంగా వినిపించాయి. కళ్లు మూసుకోవాలనిపించింది. మూసుకుంటే లేవనేమోనని తెరిచే ఉంచాను. టైలరు చెయ్యి అందించాడు.

ఆ పొద్దు ఎవరూ తాగలేదు. నేను మన్ను వేసినది గుర్తుంది. దానికి ముందు క్షణమే కళ్లలోంచి పోవడం లేదు. పెట్టెను తాళ్లతో దించుతుంటే లోపలికి చూశాను. తడిమట్టిలో నా ఒంటి అచ్చు అలాగే ఉంది. పెట్టె నీడలో ముందు మడమల గుర్తులు పోయాయి, తర్వాత వీపు, చివరికి నా తల ఆనిన చిన్న గుంట.