మా మామ మునిగిన నీళ్లు

నేను కాపురానికొచ్చిన మూడో రోజే మా మామతో పోట్లాడాను. కారణం నీళ్లు. మా ఊళ్లో ఎవరు ఎవరితో పోట్లాడినా కారణం అదేననుకోండి, కానీ అప్పటికి నాకా సంగతి తెలియదు.

మాది కొనకనమిట్ల దగ్గర ఒక మెట్ట పల్లె. మా మామ శ్యాంసన్ ట్రాక్టరుకు నీళ్ల ట్యాంకర్ తగిలించుకుని ఆరు మైళ్ల అవతలి బోరు నుంచి ఊరికి నీళ్లు తోలేవాడు. గిద్దలూరు నుంచి నన్ను ఈ ఊరికిస్తూ మా అమ్మ, "ట్యాంకర్ డ్రైవర్ ఇల్లు, నా బిడ్డకు నీళ్లకేం కరువుండదు" అని మురిసిపోయింది. తీరా చూస్తే ఊళ్లో ప్రతి ఇంటికీ ఎనిమిది బిందెలు, మా ఇంటికి ఏడు. ఇదేం న్యాయమని అడిగాను.

"ఒక బిందె తక్కువొచ్చింది. తక్కువొస్తే మనింట్లోనే తక్కువ రావాల," అన్నాడు ఆయన, నా మొహం కూడా చూడకుండా.

వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిలో కూర్చున్నా ఫరవాలేదంటారు. మా ఇంట్లో వడ్డించేవాడు మావాడు కాబట్టే మాకు విస్తరి ఖాళీ. కొత్తకోడలినని కూడా చూడకుండా ఆ మాట ఆయన మొహం మీదే అనేశాను. మా అత్త యేసుమణి చీర కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. మామ మాత్రం ట్రాక్టరెక్కి వెళ్లిపోయాడు. ఆ మనిషిని అర్థం చేసుకోవడానికి నాకు పదిహేనేళ్లు పట్టింది.

ఆయనకు నోట్‌బుక్కు లేదు, చదువూ లేదు. ఏ ఇంట్లో ఎంతమంది, ఎవరింట్లో బాలింత ఉంది, ఎవరింటికి చుట్టాలొచ్చారు, అన్నీ ఆయన తలలోనే ఉండేవి. ఎవరు బతిమాలినా తొమ్మిదో బిందె ఇచ్చేవాడు కాదు. సర్పంచి ఇంటికీ ఎనిమిదే, మేముండే పాలెంలో ముసలమ్మ ఎలీషబాకూ ఎనిమిదే.

ఆదివారం మాత్రం ఆయనది విచిత్రమైన వ్యవహారం. అత్తనూ మమ్మల్నీ ట్రాక్టరులో మందిరం దాకా తీసుకొచ్చి దింపేవాడు. తను లోపలికి రాడు. బయట ట్రాక్టరు సీటు మీదే కూర్చుని కిటికీలోంచి ప్రసంగమంతా వినేవాడు. ఇంటికొచ్చాక పాస్టరు విశ్వాసం అయ్యగారు ఎక్కడ తడబడ్డాడో కూడా చెప్పేవాడు. బాప్తిస్మం తీసుకోమంటే, "చూద్దాంలే" అనేవాడు. ఆ "చూద్దాంలే" ముప్పై ఎనిమిదేళ్లు సాగింది. మా అత్త పొయ్యి వెలిగించే ముందు రోజూ ఒక నిమిషం తలవంచుకుని ఆయన కోసం ప్రార్థన చేసేది. నేను విసుక్కునేదాన్ని.

"దేవుడికి చెవుడా అత్తా, రోజూ అదే చెప్తావు?"

"దేవునికి చెవుడు లేదు, నీ మామకే ఉండాది," అనేది ఆమె.

ఆ బోరు నీళ్ల పుణ్యమా అని నాలుగేళ్ల కిందట మామ నడుం పట్టేసింది. ఫ్లోరైడ్ నీళ్లు తాగి తాగి మా దిక్కున ఎంతమందికి ఎముకలు బిగుసుకుపోయాయో అందరికీ తెలిసిందే. ఆయన వెన్ను కొడవలిలా వంగి అలాగే ఉండిపోయింది. నిలబడితే చూపు నేల మీద, పడుకుంటే తల దిండుకు ఆనదు. ట్యాంకర్ అశోక్ అనే కుర్రాడి చేతికి పోయింది. పోయినేడాది నుంచి ఊపిరి కూడా అందడం మానేసింది. ఒంగోలు డాక్టరు మా ఆయన విక్టర్‌ను పక్కకు పిలిచి, ఎక్కువ కాలం ఆశపెట్టుకోవద్దన్నాడు.

ఈ మే నెలలో ఒక పొద్దున, గంజి గ్లాసు చేతిలో పట్టుకుని మామ ఉన్నట్టుండి అన్నాడు: "యేసుమణీ, నేను బాప్తిస్మం తీసుకుంటా."

మా అత్త చాట పక్కన పెట్టేసి అక్కడే నేల మీద కూలబడింది. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. ఆయన వంక చూసి, "గంజి తాగు, చల్లారిపోతాది," అంది. అంతే. తర్వాత దొడ్లోకి వెళ్లి గోడకు ఆనుకుని నిలబడింది. 

విశ్వాసం అయ్యగారు ఆ సాయంత్రమే వచ్చాడు. అసలు చిక్కు అప్పుడు బయటపడింది. మా మిషనులో బాప్తిస్మమంటే నిలువునా ముంచాలి. ఏటా లారీ కట్టుకుని కంభం చెరువుకు పోతారు. ఈ ఏడాది చెరువు అడుగు కనబడింది. సాగర్ కాలువకు నీళ్లు వదల్లేదు. ఒకవేళ ఎక్కడైనా నీళ్లున్నా మామ ఆటోలో అంత దూరం కుదుపులకు తట్టుకోలేడు.

"నాలుగు చుక్కలు చిలకరిస్తే చాలదా అయ్యగారూ?" అన్నాను నేను. కొన్ని సంఘాలలో అలాగే చేస్తారు కదా.

మంచం మీంచి మామే జవాబు చెప్పాడు. "మునగడమంటే పాత మనిషిని పాతిపెట్టడమమ్మా. సగం పాతిపెడతారా ఎవరినన్నా?"

"వానలొచ్చేదాకా ఆగుదాం," అన్నాడు అయ్యగారు.

"వానలొస్తాయి. నేనుండాల గదా."

అప్పుడు మా అత్త నోరు విప్పింది. పాలెం చివర ఎండిపోయిన బోరు పక్కన పశువులకు కట్టిన సిమెంటు తొట్టి ఉంది. మనిషి కాళ్లు చాపుకుని పడుకోవచ్చు. దాన్ని కడిగి నింపుదామంది. పశువులు తాగే తొట్టిలోనా అని అయ్యగారు నసిగితే, "ప్రభువు పుట్టినప్పుడు పండబెట్టింది యాడ?" అని అడిగింది. అయ్యగారు తలూపాడు.

మామ మాత్రం ఒప్పుకోలేదు. "జనం తాగే ట్యాంకర్ నీళ్లు నేను మునగనీకా? నా పాణం పోయినా వద్దు." తర్వాత ఇంకా చిన్న గొంతుతో అన్నాడు: "ఇంకోటి ఉండాది. మస్తానమ్మను అడగకుండా నేను నీళ్లల్లో దిగను."

మస్తానమ్మది గొర్రెలు కాసే కుటుంబం, పై వీధిలో ఉంటుంది. పన్నెండేళ్ల కిందటి ఎండాకాలం ఆమె కూతురు ఉమ కాన్పుకు పుట్టింటికొచ్చి బిడ్డను కనింది. ఆ రోజు మస్తానమ్మ గొర్రెల వెంట పోయి ట్యాంకర్ వేళకు రాలేకపోయింది. ఆమె వచ్చేసరికి మామ ఊరంతా పోయడం ముగించాడు. ట్యాంకర్‌లో మిగిలిన నీళ్లు పక్క పల్లెవి. బాలింత ఉంది, రెండు బిందెలన్నా పొయ్యమని ఆమె చేతులు జోడించింది. మామ వాల్వు కట్టేశాడు. ఆమె బిందె తీసుకుని పలకరాళ్ల గనిలోని గుంత దగ్గరకు పోయి, అక్కడ రాయి మీద జారిపడింది. కాలు విరిగింది. ఆ రోజు నుంచి కుంటుతూనే ఉంది. ఇదంతా నాకు తెలుసు. మామ మరిచిపోయాడనే అనుకుంటూ వచ్చాను, ఎందుకంటే ఒక్కసారి కూడా ఆమె మాట ఎత్తలేదు.

"నీ తప్పేముంది మామా? అవతలి పల్లె వాళ్లు కూడా దాహంతోనే ఉండిరి గదా," అన్నాను.

"తప్పు లేదమ్మా. రూలు ప్రకారం నేను కరెక్టే. అందుకే గదా ఇన్నేళ్లు ఆమెను అడగలేకపోయింది. తప్పు చేసినోడు తలొంచి అడుగుతాడు. నేను కరెక్టు గదా, ఏమని అడగాల?"

ఈ పన్నెండేళ్లయినా ఆయన మందిరం బయటే ఆగిపోయింది ఇందుకా అనిపించింది నాకు.

మరునాడు నేను మామ రెక్క పట్టుకుని పై వీధికి నడిపించాను. మామూలుగా ఐదు నిమిషాల దూరం. మాకు అరగంట పట్టింది, నాలుగు చోట్ల కూర్చున్నాం. మస్తానమ్మ వాకిట్లో గొర్రెపిల్లకు సీసాతో పాలు పట్టిస్తోంది. మమ్మల్ని చూసి లేవలేదు.

"ఏంది డ్రైవరూ, ఇంత దూరం వచ్చినావు?"

మామ నిలబడే ఉన్నాడు. వంగిన వెన్ను వల్ల ఆమె మొహం చూడాలంటే మెడ మెలితిప్పాల్సి వచ్చింది. "ఆ పొద్దు నీకు నీళ్లు పొయ్యలేదు మస్తానమ్మా. పొయ్యాల్సింది. నన్ను క్షమించు."

ఆమె పాలసీసా ఇంకాస్త పైకెత్తింది. "నువ్వు అడిగినావు. నేను విన్నా. పో ఇంక, ఎండ పడతాది," అంది.

క్షమించానని అనలేదు. దారిపొడుగునా నాకు ఆమె మీద ఒళ్లు మండిపోయింది. ఆయాసంతో చచ్చేదాకా నడిచొచ్చిన ముసలివాడికి ఒక్క మంచిమాట చెబితే ఏం పోయింది? మామ మాత్రం, "ఆమె కాలు నీకుంటే తెలిసేది," అని నన్నే తిట్టాడు.

ఆదివారం ఆరాధన అయ్యాక అందరం తొట్టి దగ్గరకు చేరాం. మా ఇంటి నీళ్లయితే సరేనని మామ చివరికి ఒప్పుకోవడంతో విక్టర్, నేను ముందు రోజే దాన్ని తోమి శుభ్రం చేశాం. మా ఇంటి నీళ్లు మూడు బిందెలు పోస్తే అడుగు కూడా సరిగా తడవలేదు. అప్పుడు పాలెంలో నుంచి ఆడవాళ్లు రావడం మొదలైంది. ఒక్కొక్కరి చంకన ఒక బిందె. ఎవరు ఎవరికి చెప్పారో నాకు ఇప్పటికీ తెలియదు. ముసలి ఎలీషబా ముందుగా వచ్చి కుమ్మరించింది.

మామ కుర్చీలోంచి కేకేశాడు. "ఎవరు తెమ్మన్నారు? తీసుకపోండి! అవి తాగే నీళ్లు!"

"ఇవి నీ ట్యాంకర్ నీళ్లు కాదులే శ్యాంసనూ. మా ఇంట్లో నీళ్లు. మా బిందె, మా ఇష్టం," అంది ఎలీషబా.

ఆయన ఇంక వాళ్లను ఆపలేదు. తర్వాత ఒక్కో బిందె పడుతుంటే తనలో తను గొణుక్కోవడం మొదలుపెట్టాడు. పక్కనే ఉన్న నాకు వినబడింది. "రేచల్ ఇంట్లో ఆరుగురు. ఈ పొద్దు స్నానాలుండవు. ప్రేమకుమారి కొడుక్కి జరం, వానికి గుడ్డ తడపనీకి ఏం మిగిలిందో... శ్యామలమ్మ యాడనుంచి తెచ్చింది, ఆమెకు నిన్న అశోక్ ఐదే గదా పోసినాడు..." శ్యామలమ్మ మా పాలెం మనిషి కూడా కాదు. ఊళ్లో ప్రతి బిందె వెనక ఎవరి గొంతు ఎండుతుందో ఆ ఒక్కడికే తెలుసు. మాకు అవి నీళ్లు, అంతే. ఆయన మాత్రం ఎవరు ఏం వదులుకుని ఇచ్చారో చూస్తున్నాడు.  దేవుడు మనుషులను ఇలాగే చూస్తాడా అనిపించింది.

నలభై బిందెలదాకా పడ్డాయి. తొట్టి సగం దాటింది. ఇంక ఎవరూ రాలేదు. విక్టర్, అయ్యగారు మామను ఎత్తి నీళ్లల్లో పడుకోబెట్టారు. కాళ్లు మునిగాయి, ఛాతీ మునిగింది. కానీ బిగుసుకుపోయిన వెన్ను తలను పైకే ఎత్తిపెట్టింది. ముఖం మునగలేదు. తల నొక్కితే కాళ్లు పైకి తేలాయి, ఆయన నొప్పితో మూలిగాడు. అయ్యగారు రెండోసారి ప్రయత్నించి ఆగిపోయాడు.

"ముఖం తడిసింది కదా, దేవుడు చూస్తాడులే," అన్నాడు మెల్లగా.

"సగం వద్దు అయ్యగారూ," అన్నాడు మామ. ఆయన కళ్లల్లో నీళ్లు తిరిగాయి. మా అత్త తొట్టి అంచు పట్టుకుని నిలబడింది. ముప్పై ఎనిమిదేళ్లు ప్రార్థించిన మనిషి మునగడానికి నాలుగు వేళ్ల నీళ్లు తక్కువయ్యాయి. తాగడానికి దాచుకున్నది తప్ప మా ఇళ్లల్లో ఇంక ఇవ్వడానికి ఏమీ లేదు. నాకు ఎవరి మీదో తెలియని కోపం వచ్చింది, నిజం చెప్పాలంటే దేవుడి మీదే.

వెనక నుంచి జనం పక్కకు జరగడం వినిపించింది. మస్తానమ్మ వస్తోంది. చంకన నిండు బిందె, కుంటి కాలు ఈడ్చుకుంటూ ప్రతి అడుగుకూ ఆగుతోంది. ఎవరో బిందె అందుకోబోతే వదలలేదు. తొట్టి దగ్గరకొచ్చి లోపలికి తొంగిచూసింది.

"ఎంత తక్కువైంది?"

"ముఖమే మస్తానమ్మత్తా," అన్నాను నేను.

ఆమె అయ్యగారి వంక చూసింది. ఆయన ఒక్క క్షణం తటపటాయించాడు. ఆమె మా మందిరం మనిషి కాదు, బొట్టు పెట్టుకున్న మనిషి. తర్వాత ఆయన మామ తల కింద చెయ్యి పెట్టి, "తండ్రి యొక్కయు, కుమారుని యొక్కయు" అని మొదలుపెట్టాడు. మస్తానమ్మ బిందె ఎత్తింది.

"కండ్లు మూసుకో అన్నా," అంది.

పోసింది. తొందరపడకుండా, పసిబిడ్డకు తలంటుపోసినట్టు నుదుటి మీద నుంచి పోసింది. ఆ ధార కింద మామ ముఖం మొత్తం మునిగిపోయింది. అయ్యగారు పరిశుద్ధాత్మ నామం పలికేదాకా ఆమె చెయ్యి ఆపలేదు.  మా అత్త మోకాళ్ల మీద ఉంది. నేనెప్పుడు మోకరించానో నాకే తెలియదు.

మామను లేపి కూర్చోబెట్టారు. దగ్గు తగ్గాక ఆయన మొదట స్తోత్రమని అనలేదు. మస్తానమ్మ చేతిలోని ఖాళీ బిందె చూశాడు.

"ఇంట్లో తాగనీకి నీళ్లుండాయా నీకు?"

"లేవు. ట్యాంకర్ రేపు గదా," అంది ఆమె.

"వందనా," అని నన్ను పిలిచాడు. "మనింట్లో ఎన్ని మిగిలినాయి?"

"ఒకటి మామా."

"అది ఆమె ఇంట్లో పెట్టిరా పో."

పదిహేనేళ్లలో ఆయన మాటకు నేను ఎదురు చెప్పని రోజు అదొక్కటే. ఇంటికెళ్లి ఆ బిందె చంకనెత్తుకుని పై వీధికి బయలుదేరాను. నా ముందు మస్తానమ్మ కుంటుతూ నడుస్తోంది. ఒక్క చుక్క ఒలకకూడదని నేను వేసిన అడుగులు నాకు గుర్తున్నాయి. నా కన్నబిడ్డను కూడా నేనంత జాగ్రత్తగా ఎత్తుకోలేదు.