నాగవ్వ బుడుబుంగలు

"అగో, గా తుంగ పక్కన చూడు బిడ్డా. నల్లగ మునిగింది జూడు, అదే బుడుబుంగ. ఇగ లేస్తది... అరే, గాడ కాదు, నీ దుర్బీను ఎటో పెట్టినవ్!"

వందన దుర్బీను పక్కకు తిప్పింది. రాయమల్లు చెప్పిన చోటే నీళ్లు చీల్చుకుని ఓ బుల్లి పిట్ట పైకి తేలింది. ఆమె నోటు పుస్తకంలో ఒకటి అని రాసుకుంది. కరీంనగర్ బడిలో లెక్కలు చెప్పే వందనకు సెలవు దొరికితే పిట్టల వెంట తిరగడమే పని. నస్పూర్ దగ్గరి ఈ మడుగులో మాత్రం రాయమల్లే గురువు.

కింద బొగ్గు తీసేశాక నేల కుంగి, వాన నీళ్లు నిలిచి, తుంగ మొలిచిన పల్లం అది. ఆ గనిలోనే రాయమల్లు ముప్పయ్యొక్కేళ్లు పనిచేశాడు.

"నేను కింద, మీ అవ్వ పైన," అన్నాడు భార్యను తలచుకుని నవ్వుతూ. "నేను పైకొచ్చేదాక నాగవ్వ గీ గట్టు మీదనే కూసునేది. నా కోసం అనుకునేటోన్ని. పిట్టల కోసమట! రిటైరైనంక నాకు ఒక్కొక్క దాని పేరు నేర్పింది. తప్పు జెప్తే, బొగ్గు తప్ప ఏం తెల్వదు ముసలోనికి అని ఎక్కిరిచ్చేది."

"అవ్వ ఇప్పుడెట్లున్నది బాపూ?"

నవ్వు ఆగిపోయింది.

"వానకాలం సంది మంచంలనే. డాక్టర్లు ఇంటికి తీస్కపొమ్మన్నరు. బువ్వ ముడుతలేదు. పొద్దుగూకంగనే ఒక్కటే అడిగేది, పిల్లలైనయా అని."

బుడుబుంగ పిల్లల గురించే. వందన పోయినసారి వచ్చినప్పుడు ఆ జంట నీళ్ల మీద తేలే గూడు కట్టుకుంటోంది. చూస్తే కుళ్లిన నాచు కుప్ప. తల్లి మేతకు పోతూ గుడ్ల మీద తడి ఆకులు కప్పి పోతుంది. కాకి కంటికి కూడా ఆనవు.

ఆమె తుంగ వెంట దుర్బీను మెల్లగా నడిపించింది. గూడు కనిపించలేదు.

"గూడేది బాపూ?"

రాయమల్లు గట్టు మీద కూలబడ్డాడు.

"నేనే తీసిన బిడ్డా. ఎంగిలిపూల బతుకమ్మకు ముందటి దినం. ఆడోళ్లు బతుకమ్మలు ఇడవాలె కదా, ఏటా గీ ఒడ్డున గుర్రపుడెక్క మేమిద్దరమే తీస్తుంటిమి. ఈసారి మంచంల నుంచే యాది జేసింది, నీళ్లు సాఫ్ చెయ్, పూలు ఇరుక్కుంటయ్ అని. గూడు అవతలి దిక్కుండె. గందుకే ఫికర్ లేక దిగిన. ముందటి రాత్రి గాలివానకు తెగి ఇవతలికి కొట్టుకచ్చిందని నాకేం ఎరుక? కొక్కెం కట్టె ఏసి గుంజిన. చెత్తనే అనుకున్న. గట్టు మీదికి ఇసిరేసినంక ఒకటి దొర్లింది..."

చేతులు మోకాళ్ల సందున దాచుకున్నాడు.

"నాలుగు. అన్నీ పలిగినయ్. లోపల పిల్లలు కదులుతుండె. తల్లి రెండు దినాలు గీ నీళ్ల మీదనే ఒర్రుకుంట తిరిగింది. గనిల పైకప్పు కూలుతదేమోనని కట్టెతోని తట్టి, మోత ఇన్నంకనే అడుగేసిన. ఒక్కనాడు మరిచిపోలే. గా దినం ఒక్కసారి కట్టెతోని కదిలిచ్చి చూసినా గుడ్లు దక్కుతుండె."

తెలియక చేసినవ్ అందామనుకుంది వందన. కానీ ఇంకోటి అడిగింది.

"అవ్వకు చెప్పినవా?"

"పిల్లలైనయన్న. అబద్ధం చెప్పేటప్పుడు నేను చెవు గోక్కుంటనట. పట్టేసింది. గప్పటి సంది అడుగుతనే లేదు. నేను ఇంట్లకు పోంగనే మొకం గోడ దిక్కు తిప్పుకుంటుంది."

బుడుబుంగ మునిగింది, ఎక్కడో దూరాన తేలింది. రాయమల్లు లేచి, పంచె దులుపుకుని, ఆమె సంచి అందించాడు.

"మా ఇంటికి పోయి అవ్వను జూసి రా బిడ్డా. నేను రాను, నేనుంటే నా మొకమే చూస్తది. చూడంది నువ్వు పుస్తకంల రాయవని దానికెరుక, నీ మాట నమ్ముతది. తల్లి ఈపు మీద పిల్లలెక్కి తిరుగుతున్నయ్, నా కండ్లతోని చూసిన అను. మూడని చెప్పు. నాలుగూ బతికినయంటే నమ్మది."